తీజ్ అయ్యేదాకా

ఆ ఇంట్లో టీ గిన్నె పొయ్యి మీదికి ఎక్కకముందే జరగాల్సిన పని ఒకటుంది. చిన్నది జ్యోత్స్న నిద్ర కళ్ళతోనే పెరట్లో బాత్రూంకి వెళ్ళి, చిన్న స్టీలు గ్లాసులో మూత్రం పట్టి తెచ్చి తల్లికివ్వాలి. తల్లి సరళ అందులో సన్నటి కాగితపు పుల్ల ముంచి తీసి, డబ్బా మీది రంగులతో పోల్చి చూడాలి. పుల్ల పసుపుగానే ఉంటే ఇంటిల్లిపాదికీ ఊపిరి ఆడుతుంది. ఆకుపచ్చగా మారిందంటే ఆ రోజు ఎవరికీ ముద్ద దిగదు.

నాయనమ్మ చాందికి మొదట్లో ఇదంతా రోతగా ఉండేది. "పొద్దుగాల లేస్తూనే గిదేం పూజ బిడ్డా" అని కోడల్ని ఆటపట్టించేది. ఇప్పుడు ఆ ఆటపట్టింపులు లేవు. సరళ పుల్ల ముంచిందంటే చాంది కూడా వాకిట్లో ఊడుస్తున్న చీపురు ఆపేసి కోడలి ముఖంలోకి చూస్తుంది. రంగు ఏమిటో ఆ ముఖంలోనే తెలిసిపోతుంది.

కిందటేడు వానాకాలంలో మొదలయ్యాయి ఈ తిప్పలు. పొద్దున లేచేసరికి పిల్ల కళ్ళు ఉబ్బి ఉండేవి. దోమ కుట్టిందనుకుని చాంది పసుపు రాసింది. మధ్యాహ్నానికి తగ్గేది, మర్నాడు మళ్ళీ ఉబ్బేది. ఆ తర్వాత బుగ్గలు, పాదాలు, పొట్ట. "నా మనుమరాలు ఒళ్ళు చేసింది చూడుండ్రి" అని చాంది తండాలో ఇంటింటికీ తిప్పింది. అంగన్‌వాడీ టీచరైన సరళ కూడా తక్కువేం తినలేదు. తన కేంద్రంలోని తూకం మీద పిల్లను నిలబెట్టి, బరువు పెరిగిందని మురిసిపోయింది. అది బలం కాదు, నీరు అని ఖమ్మంలో పిల్లల డాక్టరు సుజన చెప్పేదాకా ఇద్దరికీ తెలియలేదు.

"కిడ్నీలు వడపోతలో తప్పు చేస్తున్నాయమ్మా. ఒంట్లో ఉండాల్సిన ప్రొటీను మూత్రంలో జారిపోతోంది. అందుకే నురగ, అందుకే వాపు. పిల్లల్లో వస్తూనే ఉంటుంది, చాలామందికి మందులతో తగ్గుతుంది. కానీ తిరగబెడుతుంది. రోజూ పొద్దున్నే మూత్రం చూసుకోవాలి. రంగు మారితే నాకు ఫోన్ చెయ్యాలి. ఉప్పు తగ్గించాలి. నేను చెప్పకుండా మాత్రలు ఆపకూడదు, జ్వరమొచ్చినా కడుపునొప్పి వచ్చినా పరుగెత్తుకు రావాలి" అని చెప్పింది డాక్టరు. సరళ ఆ మాటలు పొల్లుపోకుండా పట్టుకుంది.

మాత్రలు పని చేశాయి. నీరు దిగిపోయింది. అయితే ఆ మాత్రలే బుగ్గలను మళ్ళీ ఉబ్బించాయి. పిల్లకు ముఖం గుండ్రమై మెడ కనిపించకుండా పోయింది. ఆకలి ఎక్కువై ఎప్పుడూ ఏదో ఒకటి అడిగేది. బడిలో పిల్లలు 'బోండాం' అని పేరు పెట్టారు. రోగం వస్తే ఉబ్బుడు, మందు వేస్తే ఉబ్బుడు, ఇదెక్కడి న్యాయమని చాంది తనలో తనే తిట్టుకునేది. డాక్టరు మెల్లమెల్లగా మాత్రలు తగ్గించుకుంటూ వచ్చాక, ఈ మధ్యనే పిల్ల ముఖం మళ్ళీ పిల్ల ముఖంలా అవుతోంది. అద్దం ముందు కూడా కాస్త నిలబడుతోంది.

సరిగ్గా అప్పుడే తండాకు తీజ్ వచ్చింది.

పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచే పండగ అది. ఆ తొమ్మిది రోజులూ వాళ్ళు ఉప్పూ కారం లేని తిండే తింటారు. పొద్దూ మాపూ గుంపుగా ఆడతారు, పాడతారు. కిందటేడు తీజ్‌కి జ్యోత్స్న ఆసుపత్రి మంచం మీద ఉంది. ఈసారి నాయనమ్మ తనకోసం ప్రత్యేకంగా బుట్ట అల్లించిందని తెలిసి ఎగిరి గంతేసింది.

గోధుమలు చల్లిన మర్నాడు పొద్దున, బాత్రూంలోంచి సన్నగా పిలుపు వినిపించింది.

"దాదీ... ఒక్కసారి రా."

తండా మాటలో నాయనమ్మను దాదీ అంటారు. చాంది వెళ్ళి చూసింది. పిల్ల గ్లాసు పట్టుకుని ఏడుస్తోంది. గ్లాసు అంచుదాకా నురగ.

"రెండు రోజుల సంది జలుబున్నది కదా, గందుకే మల్లొచ్చినట్టుంది దాదీ. అమ్మ చూస్తే డాక్టరమ్మకు ఫోన్ చేస్తది. మాత్రలు మల్ల ఎక్కువ చేస్తరు. నేను మల్ల బోండాం అయిత."

"కావు తీ బిడ్డా. ఏడ్వకు."

"అయిత దాదీ! తీజ్‌ల ఆడనియ్యరు. వానల తడవనియ్యరు. నా బుట్టకు నీళ్ళు ఎవరు పోస్తరు? తీజ్ అయ్యేదాకా చెప్పకు దాదీ. అయినంక చెప్దాం. నీ కాల్మొక్కుత."

నిజంగానే కాళ్ళ మీద పడింది పిల్ల. ఆ బాత్రూం గచ్చు మీద మోకాళ్ళూని, గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులతో పాదాలు పట్టుకుంది. ఇంత ప్రాణం అంతగా దేనికోసమూ ఏడవడం చాంది ఎన్నడూ చూడలేదు.

చాంది మూర్ఖురాలు కాదు. నురగ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. కానీ ఆమె మనసు ఆమెకు ఇంకో లెక్క చెప్పింది. డాక్టరమ్మ ఉప్పు మానమంది. తీజ్ పట్టిన పిల్ల ఎలాగూ ఉప్పు ముట్టదు. మందు ఎలాగూ ఎంతో కొంత వేసుకుంటూనే ఉంది. ఇక మిగతాది తీజ్ తల్లి చూసుకోదా? తాను చిన్నప్పుడు తీజ్ పట్టి మొక్కుకుంటే చలిజ్వరం పోలేదా? ఈ తొమ్మిది రోజులు గడిస్తే తానే కోడలికి చెబుతుంది.

గ్లాసు కడిగింది. పిల్లను బయటికి పంపి తలుపు వేసుకుంది.

సరళ పుల్ల ముంచింది. పసుపు. ముఖం వికసించింది.

"యాడీ, చూడు! జలుబు చేసింది కదా, ఏమైతదో అని రాత్రంతా నిద్ర పట్టలే నాకు. ఏం కాలే!" అని అత్తను భుజం పట్టి ఊపింది. భర్త పిలిచినట్టే సరళ కూడా అత్తను యాడీ అనే పిలుస్తుంది, అంటే అమ్మా అని. ఆ రోజు టీలో అల్లం ఎక్కువ వేసింది. చాంది ఆ టీ తాగింది.

మొదటి రోజు కష్టమైంది. తర్వాత అలవాటైపోయింది. పొద్దున్నే బాత్రూం దగ్గర నాయనమ్మా మనవరాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. బుట్టలో మొలకలు లేచాయి. జ్యోత్స్న పక్కింటి ద్వాలి కూతుళ్ళతో కలిసి నీళ్ళు పోసింది, పాట అందుకుంది. పిల్ల కళ్ళ కింద వాపు వస్తోందని సరళ గమనించకపోలేదు.

"ముఖం మల్ల ఉబ్బినట్టుంది కదా యాడీ?"

"మాత్రల ఉబ్బు గది. జల్దీ పోతదా? పుల్ల పసుపే ఉంది కదా" అంది చాంది, వేరే వైపు చూస్తూ.

పుల్ల పసుపుగా ఉండబట్టే సరళ నమ్మింది. తన కళ్ళను పక్కన పెట్టి పుల్లను నమ్మింది.

మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని పిల్లలు ఆడే రోజు వచ్చింది. జ్యోత్స్న ఎర్ర అద్దాల గాగ్రాలో ముద్దుగా ఉంది. ఆటలో ఒకసారి నడుము పట్టుకుని ఆగింది. అలసిపోయిందనుకుంది చాంది, నీళ్ళు ఇచ్చింది. ఆ మర్నాడు, ఇంకా బుట్టలు వాగులో కలపనే లేదు, పిల్ల మంచం దిగలేదు. ఒళ్ళు కాలిపోతోంది. పొట్ట బిగిసి ఉంది, చెయ్యి తగిలితే కేకలు పెట్టింది.

పిల్ల తండ్రి కోటేష్ ఇంట్లో లేడు. భద్రాచలం, ఖమ్మం మధ్య ఆర్టీసీ బస్సు నడిపే మనిషి. గోదావరి పొంగి రోడ్లు మునగడంతో భద్రాచలంలోనే ఆగిపోయాడు. సరళ ఎవరికోసమూ ఆగలేదు. అంబులెన్సుకి ఫోన్ చేసి, పిల్లను ఒళ్ళో వేసుకుని ఖమ్మం బయల్దేరింది. చాంది పక్కనే కూర్చుంది. వాన అద్దాల మీద కొడుతోంది. "పొద్దున పరీక్ష చేద్దామంటే ఒక్క చుక్క కూడా రాలే యాడీ. నిన్న పసుపే ఉండె కదా? ఉండె కదా?" అని సరళ అడుగుతూనే ఉంది. చాంది తల ఊపింది. అలా తల ఊపిన క్షణం ఆమెను బతికినంత కాలం వదలదు.

పొట్టలో చేరిన నీటికి సూక్ష్మజీవులు తగిలాయని డాక్టరు సుజన చెప్పింది. పిల్లను ఐసీయూలోకి తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికి కోటేష్ వచ్చాడు. ఖాకీ ప్యాంటు మోకాళ్ళదాకా బురద, చాలా దూరం లారీలు మారి వచ్చినట్టున్నాడు. అప్పుడే డాక్టరు బయటికి వచ్చింది.

"రోజూ మూత్రం చూస్తున్నారా?"

"చూస్తున్న మేడం. ఒక్క రోజు తప్పలే. నిన్నటిదాకా పసుపే" అంది సరళ.

డాక్టరు ఆమెను ఒక్క క్షణం పరీక్షగా చూసింది. "ఇప్పుడు చేసిన పరీక్షలో ప్రొటీను పైకొస దాకా ఉందమ్మా. ఒకట్రెండు రోజుల్లో వచ్చిన వాపు కాదిది. మీరు ముందే వచ్చి ఉంటే మాత్రలు పెంచి సర్దేదాన్ని. ఇప్పుడు కిడ్నీలు మూత్రం తయారు చెయ్యడమే దాదాపు ఆపేశాయి. మళ్ళీ మొదలుపెడతాయా లేదా అన్నది చూడాలి."

ఆమె లోపలికి వెళ్ళగానే కోటేష్ భార్య వైపు తిరిగాడు.

"ఏం చూసినవే నువ్వు?"

"పసుపే చూసిన. ప్రమాణం."

"పసుపు ఎట్లుంటది? డాక్టరమ్మ అబద్ధం చెప్తుందా? ఫోన్ల మునిగి సూడనే లేదు నువ్వు. అంగన్‌వాడీల ఊరి పిల్లలందరి బరువులు సూస్తవ్, నీ పిల్లను సూడనీకి తీరలే నీకు!"

"గట్ల అనకు. నేను చూసిన..." సరళ సంచిలో చెయ్యి పెట్టింది. "నా కండ్లకే రంగు తెలుస్తలేదేమో. పుల్లల డబ్బా పాతదైందేమో. వానకు తేమ తగిలిందేమో..." ఆమె నిజంగానే సంచిలోంచి డబ్బా తీసి, మూత మీద తేదీ వెతుకుతూ, పుల్లలన్నీ నేల మీద పారబోసుకుంది.

"నా బిడ్డకు ఏమన్నైతే నిన్ను ఇంట్ల ఉంచ" అన్నాడు కోటేష్. "ముట్టకు పిల్లను. ఇగ నువ్వు ముట్టకు."

వరండాలో బెంచీ మీద చాంది కూర్చుని ఉంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ మాట ఆమెకు తోచింది. తోచలేదని చెప్పడం అబద్ధమవుతుంది. పిల్ల చెప్పదు, తాను చెప్పదు. కొడుకు కోపం నాలుగు రోజులు ఉంటుంది, పోతుంది. కోడలు ఏడుస్తుంది, ఊరుకుంటుంది. కాసేపు చాంది ఆ ఊరుకోవడంలోనే కూర్చుంది. కింద నేల మీద మోకాళ్ళూని పుల్లలు ఏరుకుంటున్న కోడలు మాత్రం, ఒక్కో పుల్లా కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, తన చూపునే తాను అనుమానించుకుంటోంది. అది చూడలేకపోయింది చాంది.

"కోటేషూ. దాన్ని అనకు. అది చూసింది నాది."

"ఏంది?"

"సరళ చూసింది నా ఉచ్చ. పిల్లది పారబోసి నాది పోసిన. తీజ్ మొదలైన సంది."

కోటేష్ గోడకు చేరబడి అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"పిల్ల కాళ్ళు పట్టుకొని ఏడ్చింది బిడ్డా" అని చాంది కోడలి వైపు తిరిగింది. "తీజ్ అయ్యేదాకనే అనుకున్న. ఉప్పు తింటలేదు కదా, తల్లి చూసుకుంటది అనుకున్న. గింత అయితదని..."

సరళ లేచి నిలబడింది. అరుస్తుందనుకుంది చాంది. కొట్టినా బాగుండేది.

"పుల్ల పసుపు తేలిన పొద్దు నేనెంత సంతోషపడ్డనో నువ్వు పక్కన్నే కూసొని చూసినవ్" అంది సరళ, చాలా నెమ్మదిగా. "అల్లం టీ చేసిచ్చిన నీకు. తాగినవ్. నిన్ను భుజం పట్టుకొని ఊపిన. నవ్వినవ్ కదా యాడీ నువ్వు."

"పిల్ల ఏడుస్తుంటే ఓర్సుకోలేకపోయిన..."

"ఏడ్వనియ్యాలె! నేను మాత్రం ఎన్నిసార్లు ఏడిపియ్యలే దాన్ని? పచ్చడి అడిగితే ఇయ్యలే, అప్పడం అడిగితే ఇయ్యలే, మాత్ర ఉమ్మేస్తే ముక్కు మూసి మింగిచ్చిన. నాకు ప్రేమ లేకనా? పిల్ల ముందర నేను చెడ్డదాన్నైన, నువ్వు మంచిదానివైనవ్. గిదా దాని ఖరీదు?"

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ప్రేమంతా తన ఒళ్ళో ఉందనుకుంది చాంది. ఉప్పు లేని గిన్నె వేరే వండుతూ, తిట్లు తింటూ, పొద్దున్నే పుల్ల పట్టుకుని నిలబడిన ఆ మనిషి చేతిలో ఉన్నదేమిటో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"తండాకు పో యాడీ" అన్నాడు కోటేష్, తల ఎత్తకుండా. "నా కండ్ల ముందర ఉండకు."

ఆమె మెట్లు దిగింది. బస్టాండు దాకా నడిచింది. తండా మీదుగా భద్రాచలం వైపు పోయే బస్సులు ఒకటీ అరా కదులుతున్నాయి. ఎక్కలేకపోయింది. తిరిగి వచ్చి ఆసుపత్రి గేటు పక్కన రేకుల నీడలో, రోగుల తాలూకు మనుషులు వంట చేసుకునే చోట కూలబడింది. ఎవరో అన్నం పెట్టారు. తినలేదు. అక్కడే తెల్లారింది.

పొద్దెక్కాక సరళ వచ్చింది. జుట్టు చెదిరి, కళ్ళు గుంటలు పడి, వెతుక్కుంటూ వచ్చింది.

"పిల్ల కండ్లు తెరిచింది. నిన్ను అడుగుతుంది."

చాంది ఆత్రంగా తల ఎత్తింది. "ఉచ్చ..."

"జర్రంత వస్తుంది. డాక్టరమ్మ ఇంకా ఏం చెప్తలేదు. ఇంకా గట్టి మందులు ఉన్నయంట, సూది గుచ్చి కిడ్నీ ముక్క తీసి చూడాల్నంట. బాగైనా మునుపటి లెక్క అయితదో కాదో తెల్వదన్నది."

"కోటేషు రానిస్తడా నన్ను?"

"నేను చెప్పిన ఆయనకు."

"నన్ను మాఫ్ చేసినవా బిడ్డా?"

సరళ దూరంగా చూసింది. "లేదు యాడీ. ఎప్పుడు చేస్తనో కూడా తెల్వదు. పిల్లకు నువ్వు కావాలె. గందుకే వచ్చిన. లే."

అంతకన్నా దయగా ఆ రోజు ఎవరూ ఏమీ అని ఉండలేరు. చాంది కోడలి చెయ్యి ఆసరా చేసుకుని లేచింది. సరళ ఆ చెయ్యి విడిపించుకోలేదు.

పై అంతస్తులో కోటేష్ తలుపు దగ్గర్నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చాడు. తల్లి ముఖం చూడలేదు.

మంచం మీద జ్యోత్స్న సగానికి సగమైపోయినట్టు ఉంది, ముఖం మాత్రం ఉబ్బి కళ్ళు సన్నటి గీతలయ్యాయి. చేతికి సెలైన్ గొట్టం. నాయనమ్మను చూడగానే పెదాలు కదిలాయి. చాంది వంగి ఆ పెదాల దగ్గర చెవి పెట్టింది.

"నేను ఎవ్వరికీ చెప్పలే దాదీ."

"ఏంది బిడ్డా?"

"మనం చేసింది. డాక్టరమ్మ అడిగింది, చెప్పలే. బాపు అడిగిండు, చెప్పలే. కడుపు నొచ్చింది కదా, అది కూడా చెప్పలే."

"ఎప్పుడు నొచ్చింది?"

"బుట్ట నెత్తి మీద పెట్టుకోకముందే. శానా నొచ్చింది. చెప్తే అమ్మకు తెలుస్తది, నిన్ను తిడ్తదని." కొంచెం ఊపిరి తీసుకుని, ఏదో గెలిచినట్టు అంది, "ఏడ్వనే లేదు నేను."

చాంది మంచం పట్టె పట్టుకుంది. పిల్ల ఏడవకూడదని చేసిన పని అది. పిల్లకు ఆమె నేర్పింది మాత్రం ఇదీ. నొప్పిని నోట్లోనే నమిలి మింగడం, నవ్వుతూ ఆడటం, తన ముసలి నాయనమ్మను కాపాడటం కోసం కడుపులో నిప్పులు దాచుకోవడం. తన కోసం. గచ్చు మీద మోకాళ్ళూని కాళ్ళు పట్టుకున్న ఆ పిల్ల, తన కోసం.

ఆమెకు ఏడుపు ఆగలేదు. దాచుకోవాలనీ అనిపించలేదు. వెనక నిలబడిన సరళ కూడా విన్నది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తప్పు బిడ్డా" అంది చాంది, పిల్ల నుదుటి మీద చెయ్యేసి. "నీది కాదు, నాది. మీ అమ్మకు అన్నీ చెప్పేసిన నేను. తిట్టింది. నాకేం కాలే, చూడు, ఈడనే ఉన్న. నొస్తే చెప్పాలె. ఏడుపొస్తే ఏడ్వాలె. దాదీ చెప్పొద్దన్నా సరే, అమ్మకు చెప్పాలె. ఇప్పుడు చెప్పు. మీ అమ్మ ఈడనే ఉంది."

పిల్ల భయంగా తల్లి వైపు చూసింది. నాయనమ్మ వైపు చూసింది. సరళ వచ్చి మంచానికి రెండో వైపు కూర్చుంది. కోటేష్ కూడా తలుపు దగ్గర్నుంచి రెండడుగులు లోపలికి వేశాడు.

"అమ్మా..." పిల్ల కింది పెదవి వణికింది. "ఈడ నొస్తుంది."

"ఏడ నాన్నా? చూపి."

"ఈడ. పక్కకు కూడా." అప్పటిదాకా బిగబట్టినదంతా ఒక్కసారిగా తెగి, జ్యోత్స్న ఏడవడం మొదలుపెట్టింది. "సూది గుచ్చిన కాడ మండుతుంది. కండ్లు తెరిస్తే గుంజుతుంది. నాకు భయమైతుంది అమ్మా. బాగా నొస్తుంది."

"చెప్పు నాన్నా, ఇంకా చెప్పు" అంటోంది సరళ, కన్నీళ్ళు కారుతుంటే. ఒక చేత్తో నర్సును పిలిచే మీట నొక్కింది. రెండో చేత్తో అత్త చెయ్యి అందుకుని, పిల్ల చెయ్యి మీద పెట్టి, తన చెయ్యి దాని మీద వేసింది. పిల్ల వెక్కుతూ వెక్కుతూ ఇంకా ఏదో చెబుతోంది, మాటలు సరిగ్గా తెలియడం లేదు. చాంది కళ్ళు తుడుచుకోకుండానే, ఒక్క మాట కూడా పోకుండా వినాలని ముందుకు వంగింది.